ఆయుధం తిప్పగానే పోరాట రోబో ఆగిపోతోంది, కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న (గాజువాక నుండి)

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. 1.36 కిలోల తరగతిలో పోటీ చేయడానికి ఇంట్లోనే ఒక రోబోను తయారు చేసుకుంటున్నాను. చట్రానికి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) కటింగ్ బోర్డు వాడాను. ముందు భాగంలో గిర్రున తిరిగే 15 సెంటీమీటర్ల ఉక్కు పట్టీని ఆటోనగర్‌లో కోయించి, మధ్యలో రంధ్రం వేయించాను. దాని బరువు 200 గ్రాములు. చక్రాలు మాత్రమే నడిపినప్పుడు ఏ ఇబ్బందీ లేదు గానీ, పట్టీని తిప్పిన మరుక్షణం, రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ దీపం ఆరిపోయి, మళ్ళీ వెలిగి, రోబో రెండు సెకన్ల పాటు కదలకుండా ఉండిపోతోంది. మూడు సెల్లుల లైపో బ్యాటరీ నిండుగా 12.6 వోల్టులు చూపిస్తోంది. దాచుకున్న డబ్బు దాదాపు అయిపోయింది. అయినా ఇంతకంటే పెద్ద బ్యాటరీ కొనక తప్పదా?

సమాధానం 1

తమ్ముడూ, ఇప్పుడే ఏమీ కొనవద్దు. దీపం ఆరి వెలిగిందంటే రిసీవర్‌కు కరెంటు అందక అది మళ్ళీ మొదలవుతోందని అర్థం. మోటార్లేవీ తిరగనప్పుడు బ్యాటరీని కొలిస్తే 12.6 కనిపించడం సహజం. ఆయుధం మోటారు ఒక్కసారిగా 40 ఆంపియర్లు లాగినప్పుడు ఎంత మిగులుతోందన్నదే అసలు లెక్క. దారిలో ఎక్కడైనా సరిగ్గా పట్టని టంకం ఉండి 0.1 ఓమ్ నిరోధం కలిగిస్తే, అక్కడే 4 వోల్టులు పోతాయి, ఆ చోట 160 వాట్ల వేడి కూడా పుడుతుంది. కాబట్టి పట్టీని విప్పేసి, మోటారును మాత్రమే కొన్ని సార్లు తిప్పి, బ్యాటరీ తీసేశాక కనెక్టర్లను ఒక్కొక్కటిగా తాకి చూడు. పట్టీ లేకపోతే మోటారు లాగే కరెంటు తగ్గుతుంది కనుక గోరువెచ్చదనం కూడా ఆనవాలే. ఆ తరువాత రిసీవర్‌కు విడిగా 5 వోల్టులు ఇచ్చి చూడు. ఈఎస్‌సీల (మోటార్ల వేగాన్ని నియంత్రించే పరికరాల) నుండి రిసీవర్‌కు కరెంటు తెచ్చే ఎర్ర తీగలను మాత్రం ముందే తొలగించాలి. అప్పుడు ఆగకపోతే లోపం రేడియోలో లేదని తేలిపోతుంది.

సమాధానం 2

పై సలహా సరైనదే, కానీ నాకు అంతకంటే పెద్ద ఆందోళన ఒకటి ఉంది. ఆ పట్టీని ఎక్కడ తిప్పి చూస్తున్నారు? 8,000 ఆర్‌పీఎం వద్ద అందులో సుమారు 130 జూళ్ళ శక్తి ఉంటుంది, అంటే కిలో ఇనుప ముద్ద నాలుగంతస్తుల మేడ మీద నుండి పడినంత. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. నట్టు వదులైతే ఆ పట్టీ ఎటు పోతుందో మన చేతుల్లో ఉండదు. అందువల్ల పాలీకార్బొనేట్ పెట్టెలో మాత్రమే పరీక్షించండి; అక్రిలిక్ పనికిరాదు, దెబ్బకు ముక్కలై ఎగురుతుంది. రోబో పెట్టెలోకి చేరేదాకా పట్టీకి తాళపు పిన్ను పెట్టే ఉంచండి. థ్రాటిల్‌ను కూడా ఒక్కసారిగా కాకుండా ఒక సెకను వ్యవధిలో పెంచేలా అమర్చుకుంటే కరెంటు ఉధృతి తగ్గుతుంది.

ప్రశ్నించిన వారు

అన్నయ్యా, దొరికింది. బ్యాటరీ కనెక్టర్ నల్ల తీగ వైపు చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. పైనున్న ష్రింక్ గొట్టాన్ని కోసి చూస్తే లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది, నాలుగైదు పోగులు మాత్రమే టంకానికి అంటుకుని ఉన్నాయి. ఆ కనెక్టర్ పాత డ్రోన్ నుండి తీసినది, రెండేళ్ళు మా బాల్కనీలో సముద్రపు గాలికి పడి ఉంది. తీగను కొత్తగా ఒలిచి, ఫ్లక్స్ రాసి, మళ్ళీ టంకం వేశాను. పట్టీ లేకుండా పదిసార్లు తిప్పినా రిసీవర్ ఆరలేదు. మేడ మీద పరీక్షిస్తున్న మాట నిజమే, ఆ పని ఈ రోజుతో మానేశాను. పెట్టె తయారయ్యాకే పట్టీ బిగిస్తాను.