పహల్గాం తర్వాత యుద్ధం వస్తుందా? వస్తే దాన్ని ఆపేది ఏమిటి?

ప్రశ్న (2025 మే 5, రాత్రి)

మా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు. జమ్మూ వైపు నియంత్రణ రేఖకు దగ్గరలోని ఒక పోస్టులో పనిచేస్తున్నాడు. ఏప్రిల్ 22న పహల్గాం పక్కనున్న బైసరన్ పచ్చిక బయలులో పర్యాటకులను మతం అడిగి మరీ కాల్చి చంపారన్న వార్త విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. చనిపోయిన 26 మందిలో ఆంధ్రప్రదేశ్ వాళ్లు ఇద్దరు ఉన్నారు. ఆ కుటుంబాలను టీవీలో చూసినప్పుడు ఈ పని చేసినవాళ్లను వదలకూడదన్న కోపం నాకూ వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. అయితే ప్రతీకారం అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ముందుగా తమ్ముడి ముఖమే కళ్ల ముందు మెదులుతోంది.

ఏప్రిల్ 23న మన ప్రభుత్వం సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేసి, అట్టారీ చెక్‌పోస్టును మూసివేసింది. మరునాడే పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలాన్ని మూసివేసి, రెండు దేశాలూ తమ తగాదాలను తామే మాట్లాడుకుని తేల్చుకోవాలన్న సిమ్లా ఒప్పందాన్ని కూడా పక్కన పెట్టే హక్కు తనకుందని ప్రకటించింది. ఆ రాత్రి నుంచి నియంత్రణ రేఖ పొడవునా రోజూ కాల్పులేనని వార్తలు వస్తున్నాయి. ఇప్పుడు 7వ తేదీన దేశమంతటా మాక్ డ్రిల్స్ జరపాలని హోంశాఖ ఆదేశించింది. విశాఖపట్నంలోనూ, హైదరాబాద్‌లోనూ సైరన్లు మోగుతాయని చెబుతున్నారు. అమ్మ అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. ఇవన్నీ యుద్ధానికి ముందు కనిపించే సూచనలేనా? నీళ్లు ఆపితే యుద్ధం తప్పదా? ఒకసారి మొదలైతే దాన్ని ఎవరు, ఎలా ఆపుతారు? తెలిసినవారు కొంచెం ఓపికగా వివరించగలరు.

జవాబు: విశ్రాంత హవల్దారు (మే 6, ఉదయం)

అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. తమ్ముడు ఏ యూనిట్‌లో ఉన్నాడో, ఏ ఊరికి దగ్గరలో ఉన్నాడో, చివరిసారి ఎప్పుడు ఫోన్ చేశాడో ఇంతకంటే వివరంగా ఇక్కడే కాదు, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో కూడా రాయవద్దు. ఈ రోజుల్లో ఆ జాగ్రత్త ఇంటివాళ్ల చేతిలోనే ఉంటుంది.

నేను సిగ్నల్స్ విభాగంలో పనిచేశాను. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగిన కొద్ది రోజులకే మా యూనిట్‌ను రాజస్థాన్ సరిహద్దుకు తరలించారు. దానికి ఆపరేషన్ పరాక్రమ్ అని పేరు పెట్టారు. అటూ ఇటూ లక్షల మంది సైనికులు తుపాకులు ఎక్కుపెట్టుకుని పది నెలలు ఎదురెదురుగా కూర్చున్నారు. 2002 మే 14న జమ్మూ దగ్గరి కాలూచక్‌లో సైనికుల కుటుంబాలు ఉండే క్వార్టర్లలోకి చొరబడి ఆడవాళ్లనూ పిల్లలనూ చంపారు. ఆ రోజు మా గుడారంలో ఒక్కరు కూడా అన్నం ముట్టలేదు. ఇక యుద్ధం ఖాయమనుకుని, నేను లేకపోతే ఇంటికి పంపించమని ఒకరి ఉత్తరాలు ఒకరికి ఇచ్చుకున్నాం. నా దగ్గర ముగ్గురి ఉత్తరాలు ఉండేవి. అక్టోబరులో వెనక్కి పిలిచినప్పుడు వాటిని ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశాను. అందువల్ల బలగాలు కదిలినంత మాత్రాన, సైరన్లు మోగినంత మాత్రాన యుద్ధం వచ్చినట్టు కాదని అమ్మకు చెప్పండి.

అయితే యుద్ధం రాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదని మాత్రం అనుకోవద్దు. మందుపాతరలు పాతేటప్పుడూ, తిరిగి తీసేటప్పుడూ, రవాణా ప్రమాదాల్లోనూ ఆ పది నెలల్లో వందల మంది సైనికులు చనిపోయారు. ఒక్క యుద్ధమూ చేయకుండా పోయిన ఆ ప్రాణాల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెద్ద దళాలన్నీ సరిహద్దు చేరడానికి మూడు వారాలు పట్టింది. ఈలోపు 2002 జనవరి 12న అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ తమ నేలను ఉగ్రవాదానికి వాడుకోనివ్వమని ప్రసంగించారు, బయటి దేశాల ఒత్తిడి పెరిగింది, దాడి చేసే అదను దాటిపోయింది. అంత నెమ్మదిగా కదలకూడదన్న పాఠాన్ని మన సైన్యం అక్కడే నేర్చుకుంది.

జవాబు: రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు (మే 6, మధ్యాహ్నం)

హవల్దారు గారు ఆపిన చోటి నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే ఆ పాఠం ఫలితం తర్వాతి రెండు సంఘటనల్లో కనిపిస్తుంది. 2016 సెప్టెంబరు 18న కశ్మీర్‌లోని ఉరి సైనిక శిబిరం మీద దాడి జరిగితే 11 రోజులకు, అంటే 29న, సర్జికల్ దాడుల ప్రకటన వచ్చింది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మరణిస్తే 12 రోజులకు, 26న, బాలాకోట్ మీద మన విమానాలు బాంబులు వేశాయి. పహల్గాం జరిగి ఈ రోజుకు 14 రోజులు. కాబట్టి చాలా త్వరలో ఏదో ఒక చర్య ఉంటుందని నేను అనుకుంటున్నాను. ఈ మాట మీకు ధైర్యం ఇవ్వదని తెలుసు, కానీ తెలిసి కూడా చెప్పకపోవడం న్యాయం కాదు.

అయితే నేను రోజుల లెక్క కంటే దెబ్బ ఎంత లోపలికి వెళ్తోందన్నదే ఎక్కువగా గమనిస్తాను. 2016లో మన సైనికులు నియంత్రణ రేఖ దాటింది కొద్ది దూరమే. 2019లో బాలాకోట్ కశ్మీర్‌లో కాదు, ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో ఉంది. 1971 తర్వాత మన యుద్ధ విమానాలు నియంత్రణ రేఖ దాటి బాంబులు వేయడం అదే మొదటిసారి. ఒకసారి ఎక్కిన మెట్టు కంటే తర్వాతిసారి కింద ఆగడం ఏ ప్రభుత్వానికైనా కష్టం, ఎందుకంటే ప్రజలు గతసారి చేసినదానితోనే పోల్చి చూస్తారు. ఆ లెక్కన ఈసారి పాకిస్తాన్ పంజాబ్ దాకా వెళ్లినా ఆశ్చర్యపోను.

నన్ను భయపెట్టేది ఎవరూ అనుకోకుండా జరిగే పొరపాటు. బాలాకోట్ మరునాడు ఉదయం పాకిస్తాన్ విమానాలు వచ్చాయి, మన మిగ్-21 కూలింది, పైలట్ వాళ్లకు చిక్కాడు. అదే ఉదయం బుద్గాంలో మన క్షిపణే మన మి-17 హెలికాప్టర్‌ను కూల్చింది. అందులోని ఆరుగురు వైమానిక దళం వాళ్లు, కింద ఉన్న ఒక పౌరుడు మరణించారు. బందీ అయిన పైలట్‌ను మార్చి 1న వాఘా దగ్గర అప్పగించడంతో ఉద్రిక్తత చల్లారింది గానీ, అతనికి ఏమైనా జరిగి ఉంటే ఆ వారం ఎటు పోయేదో ఊహించండి. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియాన్ చన్ను దగ్గర పడింది. ఎవరూ చనిపోలేదు, అది ప్రశాంతంగా ఉన్న సమయం, పైగా మన ప్రభుత్వం పొరపాటును ఒప్పుకుంది. అదే పొరపాటు ఈ వారంలో జరిగితే అవతలివాళ్లు దాన్ని పొరపాటని నమ్ముతారా?

జవాబు: నీటిపారుదల ఇంజినీరు (మే 6, మధ్యాహ్నం)

నీళ్ల సంగతి మాత్రం చెబుతాను. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం రావి, బియాస్, సట్లెజ్ మనవి. సింధు, జీలం, చీనాబ్ నదుల నీరు ప్రధానంగా వాళ్లది. ఈ మూడు పడమటి నదుల్లో ఏటా సుమారు 13.5 కోట్ల ఎకర అడుగుల నీరు పారుతుందని లెక్క, అంటే మన భాషలో 5,800 టీఎంసీలకు పైమాటే. వాటి మీద మనం నిల్వ చేసుకోవడానికి ఒప్పందం అనుమతించింది 36 లక్షల ఎకర అడుగులు. అది సుమారు 157 టీఎంసీలు, అంటే నాగార్జునసాగర్ నిండితే పట్టే నీటిలో సగం. ఆ మేరకు కూడా మనం జలాశయాలు కట్టుకోలేదు. బగ్లిహార్, సలాల్ లాంటివి వచ్చిన నీటితో కరెంటు తీసి కిందికి వదిలే ప్రాజెక్టులు. గేట్లు దించితే కొన్ని రోజులు ప్రవాహం తగ్గుతుంది, పూడిక తీసినప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది, వరద సమాచారం ఇవ్వకపోతే కింది ఊళ్లకు ఇబ్బంది కలుగుతుంది. అంతకుమించి నదిని మళ్లించాలంటే ఏళ్ల తరబడి కట్టడాలు కావాలి. నీటిని ఆపితే యుద్ధ చర్యగా చూస్తామని పాకిస్తాన్ అన్నమాట నిజమే, కానీ ఈ వేసవిలోనే నది ఎండిపోతుందన్నట్టు టీవీల్లో చెబుతున్నది నిజం కాదు. 1965, 1971, 1999 యుద్ధాల్లో కూడా ఎవరూ ముట్టుకోని ఒప్పందం ఇది. అది చేతికి అందే ఆయుధంగా మారిపోవడం ఇంజినీరుగా నాకు బాధ కలిగిస్తోంది.

జవాబు: మరో పాఠకుడు (మే 6, సాయంత్రం)

మాస్టారూ, మీ వివరణను గౌరవిస్తాను గానీ ఊరుకుంటే ఏమైందో కూడా చెప్పాలి కదా. 2008 నవంబరు 26న ముంబయిలో 166 మందిని చంపారు. కసబ్ ప్రాణాలతో దొరికాడు, సాక్ష్యాలన్నీ ఇచ్చాం, ప్రపంచమంతా చూసింది. మనం ఒక్క బాంబు కూడా వేయలేదు. కసబ్‌ను 2012లో ఉరి తీశాం, కానీ పాకిస్తాన్‌లో కూర్చుని పథకం నడిపిన లఖ్వీ అక్కడి జైలు నుంచి బెయిల్ మీద బయటకు వచ్చాడు. 1999 డిసెంబరులో హైజాక్ అయిన విమానంలోని ప్రయాణికుల కోసం కాందహార్‌లో మనం వదిలిపెట్టిన మసూద్ అజహర్ పెట్టిన సంస్థే పుల్వామా దాడి మాదని చెప్పుకుంది. ఓపిక పట్టిన దేశానికి దక్కింది ఇదే. పహల్గాంలో భర్తను కళ్ల ముందే పోగొట్టుకున్న ఆడబిడ్డకు మెట్లూ లోతులూ అంటూ ఏం చెప్పగలం?

జవాబు: రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు (మే 6, రాత్రి)

మీ బాధతో నాకు పేచీ లేదు. దెబ్బ తిన్న దేశం చేతులు ముడుచుకుని కూర్చోవాలని నేను రాయలేదు. కొట్టిన తర్వాత ఏం చేస్తామన్నదే నా ప్రశ్న. 2016లో మన డీజీఎంఓ, అంటే సైనిక కార్యకలాపాలు చూసే డైరెక్టర్ జనరల్, ఆ చర్య గురించి దేశానికి ప్రకటించిన రోజే, అవతలి డీజీఎంఓకు ఫోన్ చేసి చెప్పారు. దీన్ని కొనసాగించే ఉద్దేశం లేదని ప్రకటనలోనే స్పష్టం చేశారు. దాంతో ఆగిపోవడానికి అవతలివాళ్లకు దారి దొరికింది. ఎక్కడ కొట్టామో, ఎవరిని కొట్టలేదో, ఎక్కడ ఆగుతామో వెంటనే చెప్పడం బలహీనత అని నేను అనుకోను. 2008 నవంబరు చివర్లో, మన విదేశాంగ మంత్రినంటూ ఎవరో మారుపేరుతో అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు జర్దారీకి ఫోన్ చేసి బెదిరిస్తే, పాకిస్తాన్ తన వైమానిక దళాన్ని అప్రమత్తం చేసింది. అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య మాట్లాడే తీగ నమ్మకంగా ఉండకపోతే ఒక దొంగ ఫోన్ కూడా ఎంత పని చేస్తుందో చూడండి.

సోదరి గారు అడిగిన చివరి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. ఇద్దరు డీజీఎంఓల మధ్య హాట్‌లైన్ ఉంది. ఇంత ఉద్రిక్తతలోనూ ఏప్రిల్ 29న దాని మీద మాట్లాడుకున్నారు. అణు కేంద్రాల మీద దాడి చేయకూడదని 1988లో చేసుకున్న ఒప్పందం ప్రకారం వాటి జాబితాలను ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నారు, ఈ ఏడాది కూడా ఇచ్చుకున్నారు. రాయబార కార్యాలయాల్లో సిబ్బందిని తగ్గించారు గానీ వాటిని మూయలేదు. నేను రోజూ పత్రికలో ముందుగా వెతికేది ఈ మూడింటిలో ఏదైనా తెగిందా అని. నేటివరకు తెగలేదు.

ప్రశ్న అడిగిన సోదరి (మే 11, ఉదయం)

మాస్టారు అన్నట్టే జరిగింది. మీరు రాసిన కొన్ని గంటలకే, 7వ తేదీ తెల్లవారకముందే తొమ్మిది చోట్ల దాడులు చేశారు. వాటిలో బహావల్‌పూర్, మురీద్కే పాకిస్తాన్ పంజాబ్‌లోనే ఉన్నాయి. ఆ ఉదయం నుంచి పూంచ్ పట్టణం మీద పడిన గుండ్లకు పిల్లలతో సహా ఎందరో పౌరులు చనిపోయారు. తమ్ముడి నుంచి మూడు రోజులు ఫోన్ రాలేదు. 8వ తేదీ రాత్రి ఒక చానెల్ కరాచీ ఓడరేవు ధ్వంసమైందని అరుస్తుంటే, అంత పెద్ద యుద్ధమే మొదలైతే ఇక నా కొడుకు రాడని అమ్మ కుప్పకూలిపోయింది. ఆ వార్త అబద్ధమని మరునాడు తెలిసింది. అమ్మ ఆ రాత్రి పడ్డ నరకానికి మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు. 9న శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన ఒక చిన్న వయసు జవాను నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలు వదిలాడని తెలిసినప్పుడు, ఊరి పేరు చదివేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అది మా ఊరు కాదని తెలిసి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే ఆ తల్లి గుర్తుకు వచ్చి చాలాసేపు ఏడ్చాను.

నిన్న మధ్యాహ్నం 3.35కు పాకిస్తాన్ డీజీఎంఓ మన డీజీఎంఓకు ఫోన్ చేశారని, 5 గంటల నుంచి కాల్పులు ఆపుతారని మన విదేశాంగ కార్యదర్శి చెప్పారు. హవల్దారు గారూ, నిన్న రాత్రి మళ్లీ డ్రోన్లు వచ్చాయి. దీన్ని నమ్మవచ్చా?

జవాబు: విశ్రాంత హవల్దారు (మే 11, మధ్యాహ్నం)

మొదటి రాత్రి ఎప్పుడూ అలాగే ఉంటుందమ్మా. పై నుంచి వచ్చిన ఆదేశం చివరి పోస్టుదాకా చేరడానికి, చేరిన తర్వాత ఎదుటివాడు కూడా పాటిస్తున్నాడని నమ్మకం కుదరడానికి కొంత సమయం పడుతుంది. 2003 నవంబరులో కాల్పుల విరమణ కుదిరాక నియంత్రణ రేఖ చాలాకాలం నిశ్శబ్దంగా ఉంది. తర్వాత అది చెడిపోతే 2021 ఫిబ్రవరిలో ఇవే రెండు కార్యాలయాలు మళ్లీ మాట్లాడుకుని నిలబెట్టాయి. రేపు మధ్యాహ్నం 12 గంటలకు డీజీఎంఓలు మళ్లీ మాట్లాడుకుంటారని ప్రకటించారు. అది జరిగేదాకా చానెళ్లు కట్టేసి, ఫోన్ లైన్ ఖాళీగా ఉంచండి. పోస్టు నుంచి ఫోన్ చేసుకోవడానికి వంతు వస్తే నిమిషమో, అర నిమిషమో దొరుకుతుంది. ఆ సమయంలో అమ్మను ఏడవకుండా మాట్లాడమని చెప్పండి, వాడు మళ్లీ డ్యూటీకి వెళ్లాలి కదా.

ప్రశ్న అడిగిన సోదరి (మే 11, రాత్రి)

ఫోన్ వచ్చింది. నలభై సెకన్లు మాట్లాడాడు. సాయంత్రం నుంచి తమ వైపు చప్పుడు లేదని చెప్పాడు. అమ్మ ఏడవలేదు.