కైమాలో మీల్ మేకర్ కలిపిన బర్గర్: ఆరోగ్యమా, కల్తీయా?

ఫ్రిస్కో శ్రీను

మా ఫ్రెండ్స్ మధ్య ఎంతకీ తెగని గొడవ ఇది, మీరైనా తేల్చండి. పెరట్లో గ్రిల్ వెలిగించినప్పుడల్లా ప్యాటీల (బన్నులో పెట్టే బిళ్ళల) కైమాలో నానబెట్టిన మీల్ మేకర్ రవ్వ కలుపుతాను. 70 పాళ్ళు మాంసం, 30 పాళ్ళు సోయా. కొవ్వు తగ్గుతుంది, ప్రొటీన్ తగ్గదు, రుచిలో తేడా రాదు అని నేనంటాను. "మాంసం తింటే మాంసం తిను, లేదా మానెయ్, మధ్యలో ఈ వేషాలెందుకు" అని వాళ్ళంటారు.

లెక్క చూడండి. ఇక్కడ అమెరికాలో ప్యాకెట్ మీద 80/20 అని ఉంటే 100 గ్రాముల కైమాలో 20 గ్రాముల కొవ్వు, 17 గ్రాముల ప్రొటీన్, సుమారు 250 కేలరీలు. (ఇవి బీఫ్ అంకెలు. ప్యాకెట్ల మీద స్పష్టంగా దొరికేవి అవే కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో వాడేది ల్యాంబ్, అందులో కొవ్వు ఇంకాస్త ఎక్కువే.) ఇందులో 30 గ్రాములు తీసేసి, 10 గ్రాముల ఎండు సోయాను 20 గ్రాముల నీళ్ళలో నానబెట్టి కలపండి. ఎండు సోయాలో సగం ప్రొటీనే కాబట్టి మొత్తం మళ్ళీ 17 దగ్గరే నిలుస్తుంది. కొవ్వు 14కి దిగుతుంది, కేలరీలు 210 చిల్లర. పైగా మాంసంలో అసలుండని పీచు గ్రామున్నర దాకా వస్తుంది. ఇందులో తప్పేముంది?

కాకినాడ కుర్రోడు

తప్పేం లేదన్నా. కానీ ఇదే పని కర్రీ పాయింట్ వాడు కైమా కూరలో చేస్తే కల్తీ అని గొడవకెళ్తాం. నువ్వు చేస్తే హెల్తీ అయిపోయిందా?

పాతబస్తీ

కల్తీ ఏంది భాయ్? శనగపప్పు లేకుండా షామీ కబాబ్ ఎవరైనా చేస్తారా? మటన్, పప్పు, మసాలా కలిపి ఉడకబెట్టి, మెత్తగా నూరి, బిళ్ళలు తట్టి కాలుస్తారు. హలీమ్‌లో గోధుమలు, పప్పులు పడతాయి. 2010లో ఫలానా ఊరిదే అని చాటే జీఐ గుర్తింపు కూడా వచ్చింది హైదరాబాదీ హలీమ్‌కి, దాన్ని గోధుమల కల్తీ అన్నవాణ్ణి నేను చూడలేదు. మీ వైపు దోసకాయ మాంసం, గోంగూర మాంసం లేవా? మాంసం పిరమైన ప్రతి ఇంట్లో ఏదో ఒకటి తోడు చేర్చి పది మందికి సరిపెట్టారు. అమెరికా వాళ్ళు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడొద్దు.

నా పేచీ వేరే. శనగపప్పుకి సొంత రుచి ఉంది, మీల్ మేకర్‌కి లేదు. మాంసం తగ్గించాలనుకుంటే షామీ చేసుకుని బన్నులో పెట్టుకోండి.

పద్మజ, డైటీషియన్

శ్రీను గారూ, మీ లెక్క పచ్చి కైమాకి సరిపోతుంది గానీ కాలిన ప్యాటీకి సరిపోదు. 80/20 ప్యాటీని గ్రిల్ మీద పెడితే కొవ్వు కరిగి కిందికి కారుతుంది. ఆ కొవ్వునీ నీటినీ పట్టి ఉంచడమే సోయా చేసే పని. కాలినా బరువు పెద్దగా పోదు, ప్యాటీ ముడుచుకోదు. కంపెనీలు సోయాను ఇష్టపడేది కూడా అందుకే. కాబట్టి ప్లేట్లోకి వచ్చేసరికి 20కీ 14కీ ఉన్న తేడా బాగా తగ్గిపోతుంది.

అసలు 80/20తోనే ఎందుకు పోల్చాలి? 90/10 కొనండి. 100 గ్రాములకు 10 గ్రాముల కొవ్వు, 20 ప్రొటీన్, 176 కేలరీలు. సోయా లేకుండానే మీ మిశ్రమం కంటే మెరుగు. చికెన్ బ్రెస్ట్ కైమాలో అయితే తీసేయడానికి కొవ్వే ఉండదు. అందులో సోయా కలిపి ఆరోగ్యం అని అమ్మడం ఉత్త మార్కెటింగ్.

సోయా గుండెకు మంచిదన్న మాట ఎవరైనా ఎత్తకముందే అదీ చెప్పేస్తాను. 1999లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను తిరగేసి చూస్తే, రోజుకు 50 గ్రాముల దాకా తిన్నా చెడు కొలెస్ట్రాల్ తగ్గేది 3 శాతమే అని తేలింది. 2017లో ఎఫ్‌డీఏనే ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని ప్రతిపాదించింది. మీ ప్యాటీలో ఉండేది 5 గ్రాముల సోయా ప్రొటీన్. 25 కావాలంటే రోజుకు ఐదు బర్గర్లు లాగించాలి, అప్పుడు గుండె సంగతి దేవుడెరుగు.

ఫ్రిస్కో శ్రీను

పద్మజ గారూ, 90/10 ప్యాటీని గ్రిల్ మీద కాల్చి తిన్నారా ఎప్పుడైనా? చెప్పు అట్ట నమిలినట్టుంటుంది. మీరు చెప్పిన నీళ్ళు పట్టి ఉంచే గుణమే అక్కడ అక్కరకొస్తుంది. 90/10లో సోయా కలపండి. కొవ్వు 7 గ్రాములు, ప్రొటీన్ 19, కేలరీలు 160 లోపే, అయినా తడి ఆరదు. జనం 90/10 కొనకుండా 80/20 కొనేది ఈ పొడిబారే సమస్య వల్లే. కొవ్వు తక్కువ మాంసాన్ని తినగలిగేలా చేయడమే సోయా వల్ల అసలు లాభం.

పద్మజ, డైటీషియన్

అలా వాడితే నాకు పెద్ద అభ్యంతరం లేదు. పైన మయోనైజ్ ఎంత వేస్తున్నారో కూడా చెప్పండి మరి. ఒక పెద్ద చెంచాలో 10 గ్రాముల కొవ్వు ఉంటుంది.

జిమ్ రాజు

సోయా తింటే ఆడ హార్మోన్లు పెరుగుతాయంటారు కదా? మా ట్రైనర్ అసలు ముట్టుకోవద్దన్నాడు.

పద్మజ, డైటీషియన్

సోయాలోని ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ని కొంత పోలి ఉంటాయి, ఆ భయం అక్కడ పుట్టింది. మగవాళ్ళ మీద జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి 2010లో ఒకసారి, 2021లో ఒకసారి విశ్లేషించారు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ మీద ప్రభావం కనబడలేదు. మీ ట్రైనర్‌కి టెన్షన్ అక్కర్లేదని చెప్పండి. జాగ్రత్తపడాల్సింది థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు. సోయా ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు, కాబట్టి మాత్రకీ సోయాకీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. గ్యాస్ సమస్య ఉన్నవాళ్ళకి సోయాతో ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఎడిసన్ ఆంటీ

బాబూ శ్రీనూ, నువ్వు చెప్పే 70, 30 లెక్క ఎప్పటిదో తెలుసా? 1971లో అమెరికా వ్యవసాయ శాఖ, బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో మాంసానికి నానిన సోయాను 30 శాతం దాకా కలపొచ్చని అనుమతించింది. ఆరోగ్యం ఊసే లేదు, ఖర్చు తగ్గించడానికి.

తర్వాత 1973లో మాంసం రేట్లు మండిపోయాయి. మార్చి నెలాఖర్లో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టాడు. అయినా ఏప్రిల్ మొదటి వారంలో దేశమంతా ఆడవాళ్ళు మాంసం కొనడం మానేసి నిరసన తెలిపారు. ఆ రోజుల్లోనే సూపర్ మార్కెట్లు సోయా కలిపిన గ్రౌండ్ బీఫ్‌ని తక్కువ రేటుకు పెట్టాయి, జనం బాగానే కొన్నారు. మాంసం రేట్లు దిగాక దాని వైపు చూసేవాళ్ళు తగ్గిపోయారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ ఎండాకాలం సోయా ధర కూడా ఆకాశాన్నంటి, జూన్‌లో నిక్సన్ సోయా ఎగుమతులే ఆపేశాడు. సోయా ఎప్పుడూ చవక అని రాసి పెట్టుకోవద్దు.

రుచి నచ్చి కొని ఉంటే రేట్లు దిగాక కూడా కొనేవాళ్ళుగా. అందుకే నీ "తేడా రాదు" అన్న మాట నాకు అంతగా ఎక్కడం లేదు.

కాకినాడ కుర్రోడు

ఆంటీ కరెక్ట్ పాయింట్ పట్టారు. అప్పుడు సోయా కలిపామని చెప్పి, తక్కువ రేటుకి అమ్మారు. ఇప్పుడు ఆరోగ్యం పేరు చెప్పి అదే మిశ్రమానికి ఎక్కువ రేటు పెడితే? కిలో మటన్ రేటెంత, కిలో మీల్ మేకర్ రేటెంత? మూడో వంతు చవక సరుకు నింపి మామూలు రేటు తీసుకున్నా అది నా జేబు కొట్టడమే. కల్తీ అంటే విషం కలపడం ఒక్కటే కాదు కదా.

ఫ్రిస్కో శ్రీను

దానికి ఇక్కడ రూల్ ఉంది తమ్ముడూ. ప్యాకెట్ మీద హాంబర్గర్ అని రాస్తే అందులో బీఫ్ తప్ప సోయా లాంటి పూరకాలు కలపకూడదు. కలిపితే బీఫ్ ప్యాటీ అనో మరొకటనో పేరు పెట్టి, సోయా ఉందని పదార్థాల జాబితాలో చూపించాలి. చెప్పి అమ్మితే నీకేం అభ్యంతరం?

కాకినాడ కుర్రోడు

అక్కడ సరే. ఇక్కడ ప్యాకెట్ మీద గోధుమ రంగు త్రిభుజం ఉంటే నాన్‌వెజ్ అని తెలుస్తుంది, మాంసం ఎన్ని పాళ్ళో ఆ గుర్తు చెప్పదు. పెద్ద చైన్ హోటళ్ళు మెనూలో కేలరీలు, అలర్జీ కలిగించే పదార్థాలు చూపించాలన్న రూల్ ఉంది, సరే. సందు చివర బర్గర్ బండి వాడు ఏ బోర్డు పెడతాడు? శాతం రాయకుండా "సోయా కూడా ఉంది" అంటే నాకు సరిపోదు. 5 శాతమా 40 శాతమా అని తెలిస్తే కదా ఆ రేటు న్యాయమో కాదో చెప్పగలిగేది.

పాతబస్తీ

మాటలు చాలు. శ్రీను భాయ్, శనివారం మీ వాళ్ళకి రెండు రకాలు చెయ్. ఒకటి ఖాలీ మాంసం, ఒకటి సోయా కలిపింది. ఏది ఏదో చెప్పకుండా పెట్టు. ఆంటీ అనుమానం అక్కడే తేలిపోతుంది.

ఫ్రిస్కో శ్రీను

చెప్పకుండా పెట్టడం కుదరదు భాయ్. మా గ్యాంగులో ఒకాయనకి సోయా అలర్జీ ఉంది. ఆయనకి వేరే ప్యాటీ వేరే పెనం మీద కాల్చి, మిగతావాళ్ళకి "రెండింట్లో ఒకదాంట్లో సోయా ఉంది" అని ముందే చెప్పి పెడతాను. ఈసారి 90/10తోనే చేస్తాను, థర్మామీటర్ పెట్టి లోపల 71 డిగ్రీల సెల్సియస్ వచ్చాకే దించుతాను. మయోనైజ్ మాత్రం ఆపలేను పద్మజ గారూ.

పద్మజ, డైటీషియన్

పెరుగులో పుదీనా, వెల్లుల్లి కలిపి రాయండి. కాల్చే ముందూ తర్వాతా రెండు రకాల ప్యాటీలూ తూకం వేసి ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, ఎంత కారిందో చూద్దాం.