సమస్య: "పారిపోవువాడె వీరుడయ్యె" (పేకముక్కల మీద పూరించాలి)

పద్యాలపిచ్చి:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

పారిపోవువాడె వీరుడయ్యె

ఐదూ హగణాలే (గురువు, లఘువు). యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) ఎక్కడుందని అడిగేవాళ్లకి ముందే చెప్తున్నా, 'పారి – వీరు' ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు రి, రు కలుస్తాయి. ఇలాంటి సమస్య ఇస్తే అందరూ కాలయవనుడు తరుముతుంటే కృష్ణుడు ముచుకుందుడి గుహలోకి పరిగెత్తిన కథ పట్టుకుంటారు, అది ఈసారి వద్దు. విషయం ఆన్‌లైన్ పోకర్, అందులో ముక్కలు ఎప్పుడు పారేయాలి, అసలు ఆట దగ్గర్నుంచి ఎప్పుడు లేవాలి అన్నది. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పేకాడటం నిషేధం, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది, కాబట్టి ఎవర్నీ ఆడమనట్లేదు. కానీ లేవాల్సిన టైముకి లేవలేక మునిగినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు, మా బంధువుల్లో ఒకాయన పొలం కూడా అమ్మేశాడు, అందుకే ఈ విషయం పెట్టాను. ఇంగ్లీషు మాటలు వాడుకోవచ్చు, ఫోల్డు (ముక్కలు పారేయడం), రైజు (పందెం పెంచడం), టిల్టు (ఓడాక వచ్చే ఉక్రోషం) అన్నీ హగణాలే, ఆటవెలదికి కొలిచి కుట్టినట్టు ఉంటాయి.

గణగణ:
మొదటి బోణీ నాదే.

చెత్తముక్క లొచ్చె చింతించకుండనే
మడిచి పెట్టి పోయె మాటలేక
నిలిచి యోడిరచట నెగ్గుదామనువారు
పారిపోవువాడె వీరుడయ్యె

పద్యాలపిచ్చి:
గణాలు, యతులు అన్నీ సరిపోయాయి, మూడో పాదం నడక నాకు బాగా నచ్చింది. 'లొచ్చె' వాడుక భాష, ఇక్కడ చెల్లుతుంది. 'మడిచి' దగ్గరే ఇబ్బంది. ఫోల్డ్ అన్న ఇంగ్లీషు మాటని మక్కీకి మక్కీ దించారు, తెలుగులో మడిచేది పంచెనో దుప్పటినో, ముక్కల్ని పారేస్తాం, పడేస్తాం. ఫోన్లో అయితే బటన్ నొక్కుతాం, అందుకని రెండో పాదం ఇలా మార్చి చూడండి: "ఫోల్డు నొక్కి లేచె పొగరు మాని". ఫో – పొ యతి కుదిరింది.

ఎడిసన్_తెలుగు:
అన్నా, పద్యం బాగుంది కానీ ఆట తెలిసినవాడిగా ఒక మాట. వేర్వేరు జాతుల ఏడూ రెండూ లాంటి చెత్త వస్తే ఎవడైనా పారేస్తాడు, అందులో వీరుడు అనిపించుకునేంత ఏముంది? చేతిలో మంచి ముక్కలు ఉండి, అవి ఇప్పుడు పనికిరావని తెలుసుకుని వదలడం కష్టం. మాది న్యూజెర్సీ, ఇక్కడ 2013 నుంచి ఆన్‌లైన్ పోకర్ లీగలే, నేను కొన్నేళ్లు ఆడాను. నా ప్రయత్నం చూడండి (బల్ల మీద పడే ముక్కలు అందరికీ ఉమ్మడి), తప్పులుంటే దిద్దండి.

రాజుజంట యున్న రంగు నాల్గు పడగ
బల్లమీద నెదుటివాడు పెంచ
ముద్దుముక్కలైన మోహమ్ము విడనాడి
పారిపోవువాడె వీరుడయ్యె

తణుకు_టీచరమ్మ:
"ముద్దుముక్కలైన మోహమ్ము విడనాడి", అబ్బ, ఎంత బాగా రాశారండి బాబూ. రెండు రాజులు వచ్చాయంటే మనిషి వాటితో పెళ్లాడినంత పని చేస్తాడు. కాకపోతే 'రంగు' అంటే నాకు ఎరుపా నలుపా అని సందేహం వచ్చిందండి, ఇస్పేటూ నలుపే కళావరూ నలుపే కదా.

గణగణ:
దానికంటే పెద్ద చిక్కు ఉంది. బల్ల మీద నాలుగు ఇస్పేట్లు పడ్డాయనుకుందాం, మన రెండు రాజుల్లో ఒకటి ఇస్పేటు రాజు అయితే మనదే ఫ్లష్ (ఒకే జాతి ముక్కలు ఐదు) అయిపోయింది, ఇంచుమించు ఆసు ఉన్నవాడికి తప్ప ఎవరికీ భయపడక్కర్లేదు, దాన్ని పారేసినవాడు వీరుడెలా అవుతాడు?

ఎడిసన్_తెలుగు:
నిజమే, ఒప్పుకుంటున్నా. మనసులో ఎర్ర రాజులే ఉన్నాయి, పద్యంలోకి రాలేదు.

పద్యాలపిచ్చి:
ఇద్దరి అభ్యంతరాలూ ఒక్క పాదంతో తీరతాయి: "ఎర్రరాజులుండ నిస్పేట్లు నాల్గయ్యె". ఎ – ఇ యతి, 'ఉండన్' మీద ద్రుతం (చివరి నకారం) ఉంది కాబట్టి ఇకారానికి చెల్లుతుంది. చివర రెండూ తగణాలు (గురువు, గురువు, లఘువు). ఇక రెండో పాదం అలాగే అతుక్కుంటుంది, "నాల్గయ్యె బల్లమీద". ఇప్పుడు ఎదుటివాడు పెంచితే ఈ రాజులు ఎందుకు పోవాలో అర్థం కావడానికి ఒక్క ఇస్పేటు చాలు వాడి చేతిలో. తమ్ముడూ, మీరు ఆ క్షణంలో ఎలా లెక్కేస్తారో కొంచెం చెప్పండి, మిగతావాళ్లకీ పద్యానికి సరుకు దొరుకుతుంది.

ఎడిసన్_తెలుగు:
పాట్‌లో, అంటే అందరి పందేలూ చేరే కుప్పలో, 600 ఉంది, ఎదుటివాడు 300 పెట్టాడు, నేనూ 300 పెడితే మొత్తం 1200. అంటే నాలుగుసార్లకి ఒక్కసారైనా గెలిచే హ్యాండ్ అయితేనే ఆ 300 పెట్టాలి, కాకపోతే ఫోల్డ్. ఇప్పటిదాకా నేనెంత పోశాను అన్నది ఈ లెక్కలోకి రాదు, అది ఇక పాట్‌ది, నాది కాదు. ఇది పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. నాకు పట్టుబడనిది రెండోది, టిల్ట్. ఒక దెబ్బ తిన్నాక వచ్చే ఉక్రోషం, అందులో లెక్కలన్నీ తెలిసి కూడా వేలు ఫోల్డ్ మీదకి పోదు. అందుకే ఎక్కడ లేవాలన్నది కూర్చోకముందే రాసిపెట్టుకోవాలి, కూర్చున్నాక ఆ నిర్ణయం తీసుకునేవాడు వేరే మనిషి. నేనైతే చివరికి ఇక్కడ ఉండే స్వీయ బహిష్కరణ లిస్టులో (నన్ను ఆడనివ్వొద్దని మనమే పేరిచ్చుకునేది) ఏడాదికి పేరు ఇచ్చేశాను, అయిదేళ్లకి కూడా ఇవ్వచ్చు.

తణుకు_టీచరమ్మ:
నాకు పోకర్ రాదండి, నాకు తెలిసిన జూదం భారతంలోదే. ధర్మరాజుని అందరూ చెప్తారు గానీ నాకు నలుడు గుర్తొచ్చాడు.

రాజ్యమెల్ల నోడి రమణి నొడ్డక లేచి
కట్టుబట్టతోడ గడపదాటి
నలుడు కాననముల నడచెనే యానాడు
పారిపోవువాడె వీరుడయ్యె

పద్యాలపిచ్చి:
టీచర్ గారూ, ఈ కోణం నాకు తట్టలేదు. ఆటలో గెలుస్తున్న తమ్ముడు పుష్కరుడు "ఇక దమయంతిని ఒడ్డు" అన్నప్పుడు నలుడు మాట్లాడకుండా నగలు తీసి అక్కడ పెట్టి బయటికి నడిచాడు, ధర్మరాజు ఆ చోటే ద్రౌపదిని ఒడ్డాడు. అంతేకాదు, ద్రౌపది వరాలతో బయటపడి ఇంటిదారి పట్టిన మనిషి మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. 'కట్టుబట్టతోడ గడపదాటి' చదివి కాసేపు ఆగాను. 'ఆనాడు' మాత్రం గణం నింపడానికి వచ్చింది, దాని చోట పని చేసే మాట ఏదైనా చూడండి.

గణగణ:
రాజ్యమంతా పోయాక లేస్తే ఏం లాభం? పైగా తర్వాత మళ్లీ ఆడినప్పుడు దమయంతిని కూడా ఒడ్డాడు కదా.

తణుకు_టీచరమ్మ:
ఒడ్డాడండి, కాదనను. కానీ ఋతుపర్ణ మహారాజు దగ్గర అక్షహృదయం (పాచికల రహస్యం) నేర్చుకుని, ఏళ్ల తర్వాత వచ్చి ఆడాడు. పోయింది ఆ రాత్రే రాబట్టాలని కూర్చోలేదు. ఆలస్యంగా లేచాడన్నది ఒప్పుకుంటాను, నేను 'రాజ్యమెల్ల నోడి' అని మొదట్లోనే చెప్పింది అందుకే.

వైజాగ్_వాన:
మాస్టారూ, నేను పద్యాలకి కొత్త. 2019లో ఒక యాప్‌లో చాలా పోగొట్టుకున్నాను. ఎడిసన్ అన్న రాసింది చదివాక రాయాలనిపించింది.

ముందె గీత గీసి మూడువేలకు మించి
పోయెనేని లేచిపోదు ననుచు
ఫోను కట్టివేసి పిల్లల చెంతకు
పారిపోవువాడె వీరుడయ్యె

తణుకు_టీచరమ్మ:
బాబూ, మొదటి పద్యమంటే నమ్మలేకపోతున్నాను. 'లేచిపోదు' ఒక్కటి తీసెయ్యి నాన్నా, లేచిపోవడం అంటే మన వైపు వేరే అర్థం ఉంది.

పద్యాలపిచ్చి:
గణాలు ఎక్కడా తప్పలేదు తమ్ముడూ. మూడో పాదంలో యతి తప్పింది, ఫో – పి హల్లులు కలుస్తాయి, అచ్చులు కలవవు. ఇలా అయితే ఎలా ఉంటుంది?

ముందె గీత గీసి మూడువేలకు మించి
పోయెనేని యాట పూర్తి యనుచు
పక్కబెట్టి ఫోను పాపాయి చెంతకు
పారిపోవువాడె వీరుడయ్యె

ఈ వారం వచ్చిన వాటిలో సమస్యలోని 'పారిపోవు' అన్న మాటకి చేరుకోవాలనిపించే చోటు చూపించింది మీరొక్కరే. టీచర్ గారి నలుడు అడవి పట్టాడు గానీ అది చేరుకోవాలనిపించే చోటు కాదు, మిగిలిన పద్యాల్లో దేన్నుంచి పారిపోయాడో ఉంది, ఎక్కడికో లేదు.

వైజాగ్_వాన:
థాంక్స్ మాస్టారూ. ఒక్క సందేహం. గీత నిజంగానే గీసుకున్నాను, మూడువేలే, రాత్రి రెండింటికి నేనే చెరిపేసి తెల్లారేదాకా ఆడాను. పాప పక్క గదిలోనే నిద్రపోతోంది, నేను వెళ్లలేదు. పద్యంలో వెళ్లినట్టు రాయొచ్చా?

పద్యాలపిచ్చి:
రాయొచ్చు తమ్ముడూ. మీ పేరు మీదే ఉంచుతున్నాను.