నకలు, నకిలీ: ఒక వాణిజ్య ఒప్పందానికి తెలుగు పేరు

కావలి నుండి ఒక సభ్యుని ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. డిగ్రీ విద్యార్థుల కోసం అంతర్జాతీయ కాపీరైటు ఒప్పందాలను గురించి తెలుగులో ఒక చిన్న పాఠం రాస్తూ, 2011 అక్టోబరు 1న టోక్యోలో సంతకాలు జరిగిన 'యాక్టా' (యాంటీ కౌంటర్‌ఫీటింగ్ ట్రేడ్ అగ్రిమెంట్) ఒప్పందం పేరు దగ్గర ఆగిపోయాను. మొదట 'నకళ్ల నిరోధక వాణిజ్య ఒప్పందం' అని రాశాను. చదివిన మిత్రుడొకరు 'నకిలీల నిరోధక' అని ఉండాలన్నారు. రెండూ ఒకే మూలం నుండి వచ్చిన మాటలు కనుక ఏది రాసినా ఒకటే కాదా అన్నది నా సందేహం. 'పైరసీ'కి 'గ్రంథచౌర్యం' అనవచ్చునో లేదో కూడా దయచేసి తెలియజేయగలరు.

ఒంగోలు నుండి ఒక సభ్యురాలి సమాధానం:

మాస్టారూ, మూలం ఒకటేనన్న మాట నిజమే. అరబ్బీ 'నక్ల్'కు ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చడం, చూసి ఎత్తి రాయడం అని అర్థం. అది పారసీ, ఉర్దూల మీదుగా కచేరీల భాషలో చేరి, 'అసలు', 'ఫసలీ', 'జమాబందీ' వంటి మాటలతో పాటు మనకు వచ్చింది. ఆర్కాటు నవాబుల ఏలుబడి చూసిన నెల్లూరు సీమలో ఈ మాటలు పల్లెపల్లెకూ పాకి, ఇప్పటికీ రెవెన్యూ కాగితాలలో బతికే ఉన్నాయి. అయితే తెలుగు ఈ రెండు మాటలనూ తీసుకున్న తరువాత వాటిని వేరు వేరు దారులు పట్టించింది. మీ పాఠానికి ఆ తేడాయే ప్రాణమని నా అభిప్రాయం.

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి తెచ్చుకునే దస్తావేజు నకలును చూడండి. దాని మీద అది నకలేనని రాసి ఉంటుంది, కార్యాలయం ముద్ర ఉంటుంది, అధికారి సంతకం ఉంటుంది. అసలు దస్తావేజు చెదలు పట్టి పోయిన రైతుకు ఆ నకలే ఆధారం, కోర్టు కూడా దానిని సాక్ష్యంగా స్వీకరిస్తుంది. అడంగల్ నకలు కావాలని అడిగిన మనిషిని ఎవరూ అనుమానంగా చూడరు. అదే 'నకిలీ పాసుపుస్తకం' అన్నా, 'నకిలీ మిరప విత్తనం' అన్నా వెంటనే ఒక మోసగాడూ, మోసపోయినవాడూ కళ్ల ముందు నిలుస్తారు. నకలు తాను నకలునని ఒప్పుకుంటుంది, నకిలీ తానే అసలునని నమ్మిస్తుంది. అందువల్ల 'నకళ్ల నిరోధం' అని రాస్తే, రాతప్రతిని చూసి మరొక ప్రతి రాసుకున్న మన పూర్వీకులందరూ నేరస్థులైపోతారు. తాటాకు ప్రతుల చివర లేఖకులు 'యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా' (పుస్తకం ఎలా కనిపించిందో అలాగే రాశాను) అని గర్వంగా రాసుకున్నారు. తిక్కనగారి పేరు తలచినప్పుడల్లా ఆయన చెబుతూ ఉండగా రాసిన కుమ్మరి గురునాథుని కూడా తలచుకునే ప్రాంతం మనది. చేతిరాతకు ఉన్న ఆ గౌరవాన్ని ఒక అనువాద పదం చెరపకూడదు.

ఇక అసలు చిక్కు ఆ ఒప్పందంలోనే ఉంది. దాని పేరు నకిలీ సరుకులను గురించి మాట్లాడుతుంది. నకిలీ మందులు, నకిలీ విడిభాగాలు ప్రాణాలు తీస్తాయన్న వాదనను ఎవరూ కాదనరు. కానీ లోపలి అధ్యాయాలు నకిలీ సరుకుల దగ్గర ఆగక, అనుమతి లేని నకళ్లనూ, ఇంటర్నెట్‌లో సాగే పంపకాలనూ అదే కట్టలో కలిపి కట్టాయి. ఉల్లంఘనకు వాడినట్టు ఆరోపణ ఉన్న ఖాతాదారుని వివరాలను త్వరగా వెల్లడించమని ఇంటర్నెట్ సేవాసంస్థను ఆదేశించే అధికారం యంత్రాంగానికి ఇవ్వవచ్చునని 27వ అధికరణం చెబుతుంది. పదేపదే ఉల్లంఘించేవారి ఖాతాల రద్దును ఉదాహరణగా చూపిన మాట తొలి ముసాయిదాలలో ఉండి, విమర్శలు వచ్చాక చివరి పాఠంలో లేకుండా పోయింది. కల్తీ సరుకును రేవులో పట్టుకోవడానికి కావలసిన అధికారాలు ఒకటి, ఒక మనిషి ఏమి చదువుతున్నాడో, ఎవరికి ఏమి పంపుతున్నాడో ఆరా తీసే అధికారాలు మరొకటి. మొదటిదాని అవసరాన్ని చూపి రెండవదానికి ఒప్పుదల పొందడమే ఈ ఒప్పందం మీద పౌరహక్కులవారికి ఉన్న ప్రధాన అభ్యంతరం.

పైగా 2008లో చర్చలు లాంఛనంగా మొదలైతే, 2010 ఏప్రిల్ వరకు ముసాయిదాను ప్రజల ముందు అధికారికంగా పెట్టలేదు. ప్రజల మీద అమలయ్యే నియమాలను ప్రజలకు తెలియకుండా రాయడం ఎటువంటి ఉద్దేశంతో జరిగినా నేను సమర్థించలేను. 2012 జనవరి 26న ఐరోపా సమాఖ్య సంతకం చేసిన రోజునే, ఐరోపా పార్లమెంటులో ఆ ఒప్పందంపై నివేదిక ఇవ్వవలసిన కాదెర్ ఆరిఫ్ నిరసనగా ఆ బాధ్యత నుండి తప్పుకున్నారు. పోలండులో యువకులు గడ్డకట్టే చలిలో వీధులలో నిలబడ్డారు. ఆ సంవత్సరం జూలై 4న పార్లమెంటు 39 ఓట్లకు వ్యతిరేకంగా 478 ఓట్లతో దానిని తిరస్కరించింది, 165 మంది తటస్థంగా ఉన్నారు.

మన దేశం ఆ చర్చలలో భాగస్వామి కాదు. అయినా మనకు సంబంధం లేదనుకోకండి. 2008 డిసెంబరులో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన లొసార్టాన్ అనే రక్తపోటు మందు బ్రెజిల్‌కు వెళ్తూ ఉండగా నెదర్లాండ్స్‌లో కస్టమ్స్ అధికారులు అడ్డుకున్నారు. ఆ మందుకు మన దేశంలో గానీ బ్రెజిల్‌లో గానీ పేటెంటు అడ్డు లేదు. దారిలో ఉన్న దేశంలో పేటెంటు ఉన్నదన్నదే కారణం. భారతదేశం 2010 మేలో ప్రపంచ వాణిజ్య సంస్థలో దీనిపై ఫిర్యాదు చేసింది. ఆ మందు పనితనంలో నిఖార్సైనది, ఎవరి పేరునూ అది దొంగిలించలేదు, అందువల్ల ఏ తెలుగు రైతూ దానిని 'నకిలీ' అనడు. యాక్టా చివరి పాఠంలో సరిహద్దు తనిఖీల భాగం నుండి పేటెంట్లను మినహాయించారన్న సంగతిని కూడా మీ పాఠంలో చేర్చండి. అది చెప్పకపోతే విమర్శ న్యాయంగా ఉండదు.

కోవూరు నుండి ఒక ప్రచురణకర్త:

అమ్మా, మీ వివరణ బాగుంది కానీ నా మనసుకు ఒక వెలితి ఉంది. మేము అప్పు చేసి 500 ప్రతులు వేస్తే, పుస్తకం బజారులోకి వచ్చిన కొన్నాళ్లకే పేజీ పేజీ ఫోటో తీసి పీడీఎఫ్‌గా గుంపులకు పంపేస్తున్నారు. రచయితకు పైసా రాదు. దీనిని చౌర్యం అనకపోతే మరేమనాలి? స్వేచ్ఛ పేరుతో మా నష్టాన్ని తేలిక చేయడం భావ్యమా?

ఒంగోలు సభ్యురాలి సమాధానం:

అయ్యా, మీ నష్టం నష్టమే. దానిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనలోని 27వ అధికరణం సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు ప్రతివారికీ ఉన్నదని చెప్పిన వెంటనే, రచయిత నైతిక, ఆర్థిక ప్రయోజనాలకు రక్షణ కూడా హక్కేనని చెప్పింది. రెండూ ఒకే అధికరణంలో ఉన్నాయి.

నా అభ్యంతరం మాట దగ్గర. మన సాహిత్యంలో 'గ్రంథచౌర్యం' అంటే ఒకరి రచనను తనదిగా చెప్పుకోవడం. పూర్వకవులు చోరకవులను నిందించింది అందుకే. అక్కడ పోయేది కవి పేరు. మీరు చెప్పిన పీడీఎఫ్‌లో రచయిత పేరు అట్టమీద అలాగే ఉంది, పోయినది ఆయనకు రావలసిన ప్రతిఫలం. రెండు వేరు వేరు అన్యాయాలకు ఒకే పేరు పెడితే రెండింటికీ సరైన పరిహారం దొరకదు. రెండవదానిని 'అనుమతి లేని నకలు' అనీ, చట్టం సందర్భంలో 'కాపీరైటు ఉల్లంఘన' అనీ రాస్తే చాలు.

పేరు ఎంత బరువైతే శిక్ష కూడా అంత బరువు కావాలని అనిపించడం సహజం. మన 1957 కాపీరైటు చట్టంలోని 63వ సెక్షన్ తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుండి మూడేళ్ల వరకు జైలు చెబుతుంది. ఎస్.ఐ. స్థాయికి తగ్గని పోలీసు అధికారి వారంటు లేకుండానే ప్రతులను స్వాధీనం చేసుకోవచ్చునని 64వ సెక్షన్ అంటుంది. 63వ సెక్షన్ నేరం బెయిలు హక్కుగా దొరకనిదని 2022 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వ్యాపార లాభం కోసం చేయని పని అయితే తగిన కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చునని ఆ సెక్షనే అంటున్నా, ఆ వెసులుబాటు విచారణ ముగిశాక వచ్చేది. అరెస్టు ముందే వస్తుంది. పాఠం కోసం నాలుగు పేజీలు జిరాక్సు తీయించిన కుర్రవాడినీ, వేల ప్రతులు దొంగచాటుగా అచ్చువేసి అమ్మినవాడినీ ఒకే మాటతో పిలిచే అలవాటు మనకు ఉంటే, స్టేషను గుమ్మంలో ఆ తేడాను గుర్తుచేసేవారు ఉండరు.

ఫ్రాన్సులో 2009లో ఉల్లంఘించినవారి ఇంటర్నెట్‌ను నిలిపివేసే అధికారాన్ని ఒక పాలనా సంస్థకు ఇచ్చినప్పుడు, అక్కడి రాజ్యాంగ మండలి జూన్ 10న ఆ భాగాన్ని కొట్టివేసింది. 1789 నాటి హక్కుల ప్రకటనలోని భావప్రకటన స్వేచ్ఛను ఆధారం చేసుకుని, అటువంటి ఆంక్ష విధించడం న్యాయమూర్తి పని అన్నది. మీ ప్రతిఫలం మీకు రావాలి, అడ్డుకోవలసినదాన్ని అడ్డుకోవాలి. కాకపోతే ముందు ఇరువైపుల మాట వినే ఒక న్యాయస్థానం ఉండాలి.

కావలి సభ్యుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే పేరును 'నకిలీ సరుకుల నిరోధక వాణిజ్య ఒప్పందం' అని ఉంచి, మొదటి పేరాలోనే ఇది అనుమతి లేని నకళ్లకూ వర్తిస్తుందని రాస్తాను. మరొక చిన్న సందేహం. ఆ ఒప్పందంలో నేరశిక్షలకు హద్దుగా చెప్పిన 'కమర్షియల్ స్కేల్' అన్న మాటను 'వాణిజ్య స్థాయి' అనాలా, 'వ్యాపార పరిమాణం' అనాలా?

ఒంగోలు సభ్యురాలు:

'వాణిజ్య స్థాయి' అనే రాయండి మాస్టారూ. 1995లో అమలులోకి వచ్చిన, మేధోసంపత్తి హక్కులపై ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమైన ట్రిప్స్ 61వ అధికరణంలోనూ ఆ మాటే ఉన్నది కనుక రెండుచోట్లా ఒకే పదం ఉంటే విద్యార్థులు పోల్చి చదువుకోగలుగుతారు. అయితే ట్రిప్స్ ఆ మాటకు నిర్వచనం ఇవ్వలేదు. యాక్టా 23వ అధికరణం మాత్రం ప్రత్యక్ష ప్రయోజనం కోసమే కాక, పరోక్ష ఆర్థిక ప్రయోజనం కోసం సాగే వాణిజ్య కార్యకలాపాలు కూడా అందులోకి వస్తాయన్నది. 'పరోక్ష' అన్న ఆ విశేషణాన్ని అనువాదంలో జారిపోనివ్వకండి, హద్దు ఎంత దూరం జరిగిందో దానిలోనే కనిపిస్తుంది.