పాత కారు కొన్నాను, ఇన్సూరెన్స్ అయిపోయి ఉంది. ఇంటిదాకా నడుపుకురావచ్చా?

గోదారి_గట్టు:
విజయవాడలో 2016 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ బేరం కుదిరింది. అడ్వాన్స్ ఇచ్చాక ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూస్తే ఇన్సూరెన్స్ పోయిన నెలే అయిపోయింది. ఆదివారం రాజమండ్రి తెచ్చుకోవాలి. దారంతా హైవేనే. పట్టుకుంటే రెండు వేలు ఫైనేగా, వచ్చేయ్ అంటున్నాడు మా బావమరిది. మీలో ఎవరైనా ఇలా తెచ్చుకున్నారా?

నల్గొండ_బిడ్డ:
నేను తెచ్చిన అన్నా, అందుకే వద్దంటున్న. 2019ల హైదరాబాద్‌ల ఆల్టో కొన్న. ఇన్సూరెన్స్ సోమవారం చేయిద్దాం లే అనుకున్న. చౌటుప్పల్ దాటినంక ఒక పెద్దాయన ఎక్సెల్ బండి మీద రోడ్డు దాటుతున్నడు. బ్రేక్ కొట్టిన, ఆగలే. ఆయన కాలు విరిగింది. సంచిల టమాటలు రోడ్డంతా దొర్లినయి, ఇప్పటికీ కండ్ల ముందట్నే ఉన్నది. ఆపరేషన్ ఖర్చు, కోర్టు చెప్పిన పరిహారం, అంతా నా జేబుల్నుంచే. కారు ఐదు నెలలు స్టేషన్‌లనే ఉంది. ఫైన్ ఎంతని లెక్క చూస్కోకు అన్నా.

పాలసీ_పంతులు:
పదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146 ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉండే పాలసీ, లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మొదటిసారి దొరికితే 2,000 జరిమానా లేదా 3 నెలల దాకా జైలు, రెండూ వేయొచ్చు కూడా. మళ్లీ దొరికితే 4,000. ఆర్సీ ఇంకా అమ్మినాయన పేరు మీదే ఉంది కదా, ఆయన పేరునే థర్డ్ పార్టీ కట్టించండి. 1000 నుంచి 1500 సీసీ దాకా 2022లో పెట్టిన రేటు 3,416, పైన జీఎస్టీ. ఫోన్‌లో అరగంట పని. కానీ డబ్బు కట్టిన నిమిషం నుంచే కవర్ మొదలవుతుందనుకోకండి. పాలసీ కాగితం మీద ఏ తేదీ, ఏ గంట నుంచి అని ఉందో చూశాకే తాళం తిప్పండి.

కడప_రోడ్లు:
అమ్మినాయనకు ఇది చూపించండి, ఆయనే కట్టిస్తాడు. మా నాన్న పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి కారు ఇచ్చేశారు. కొన్నవాళ్లు పేరు మార్చుకోలేదు. రెండేళ్లకు యాక్సిడెంట్ కేసు నోటీసు మా గుమ్మంలోకి వచ్చింది. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పిందట, మా లాయరు చూపించాడు.

ఓరుగల్లు_సవారీ:
ఇన్సూరెన్స్ ఉన్న బండి కొన్నా జాగ్రత్తే. నా దానికి ఇంకా ఎనిమిది నెలలుంది కదా అని పట్టించుకోలేదు. గాలివానకు వేపకొమ్మ విరిగి బానెట్ మీద పడింది. సర్వేయర్ ఆర్సీ ఒక చేతిలో, పాలసీ ఒక చేతిలో పట్టుకుని పేర్లు రెండుసార్లు చదివాడు. ఆర్సీలో నేను, పాలసీలో పాత ఓనరు. క్లెయిమ్ రాలేదు, 41 వేలు పోయాయి. థర్డ్ పార్టీ దానంతటదే మన మీదికి వస్తుంది గానీ సొంత డ్యామేజీకి 14 రోజుల్లో పేరు మార్పుకు పెట్టుకోవాలి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అమ్మినాయనదే, ఆ తేడా మనమే కట్టాలి.

గోదారి_గట్టు:
అమ్మినాయన ఇప్పుడే కట్టారు. పాలసీ మంగళవారం అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. ఆదివారం వెళ్లడం లేదు, బుధవారం సెలవు పెట్టాను. నల్గొండ అన్నా, ఆ పెద్దాయన ఇప్పుడెలా ఉన్నారు?

నల్గొండ_బిడ్డ:
కట్టె పట్టుకొని నడుస్తున్నడు. దసరాకు పోయి చూసొచ్చిన.