పక్షవాతం వచ్చిన చేయి కోలుకుందని దేన్ని చూసి చెప్పాలి?

కుడిచేయి: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి తొమ్మిది నెలలైంది. ఫ్యూగల్-మేయర్ పరీక్షలో చేతి స్కోరు 66కు 31 నుంచి 38కి పెరిగిందని, కాబట్టి బాగా మెరుగుపడ్డారని చెప్పారు. ఇంట్లో మాత్రం ఆ చేయి ఒళ్లోనే ఉంటుంది, మంచినీళ్ల గ్లాసు ఎడమ చేత్తోనే అందుకుంటారు. ఇదేం కొలత?

కొలబద్ద: నేను ఫిజియోథెరపిస్టును. 1975లో వచ్చిన ఆ పరీక్ష ప్రధానంగా చూసేది పనిని కాదు, కదలికను. చేయి ఎత్తబోతే మోచేయి దానంతటదే ముడుచుకుపోయే స్థితి నుంచి, ఒక్కో కీలును విడిగా కదిలించగలిగే స్థితికి రోగి ఎంతవరకు వచ్చాడన్నదే అందులోని 33 అంశాల సారాంశం. వస్తువులను పట్టుకుని కదిలించే పనులు చూడాలంటే 57 మార్కుల ఏఆర్ఏటీ (యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్) అనే పరీక్ష వేరే ఉంది.

కుడిచేయి: ఆ 66లో 6 మార్కులు రిఫ్లెక్సులకే పోతాయట. సుత్తితో కొడితే చేయి ఉలిక్కిపడినందుకు మార్కులా?

నిశి: చాలాకాలమైన రోగిలో ఏడు మార్కుల పెరుగుదల చిన్నదేమీ కాదండీ.

కుడిచేయి: సుత్తి మార్కుల సంగతికి జవాబు రాలేదు.

కొలబద్ద: వాటిని తీసేసి లెక్కించేవారూ ఉన్నారు, నాకు అభ్యంతరం లేదు. అయితే మీ నాన్నగారు రేపు నడుము ముందుకు వంచి, భుజం పైకి లాగి గ్లాసు అందుకున్నా, దాన్ని నేను కోలుకోవడం అనను. అది సర్దుబాటు మాత్రమే.

కుడిచేయి: మీరేమన్నా అనుకోండి, ఆయన దాహం తీరితే నాకు చాలు. వరుసగా రెండుసార్లు 38 దగ్గరే ఆగిందని పోయిన నెల చికిత్స ఆపేశారు. ఆ రోజు గ్లాసు సంగతి అడిగినవారు ఒక్కరూ లేరు.

కొలబద్ద: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. స్కోరు నిలిచిపోతే చికిత్స ఆపాలని ఆ పరీక్ష ఎక్కడా చెప్పదు, ఆ నిర్ణయం మనుషులది.

వేణువు: రెండు మణికట్లకూ కదలికను నమోదు చేసే పట్టీలు కట్టి చూడండి, ఇంట్లో ఏ చేయి ఎంత కదులుతోందో తెలుస్తుంది.

కుడిచేయి: పాత కదలిక తిరిగి రావడం ఎక్కువగా తొలి మూడు నెలల్లోనే అని మీ వాళ్లే అంటారు. మరి తొమ్మిదో నెలలో వంగి తాగితే తప్పేమిటి?

కొలబద్ద: తప్పు లేదు, నేర్పించవలసిందే. కాకపోతే దాన్ని చార్టులో వేరే గడిలో రాయాలంటాను. రెండింటినీ కలిపి రాస్తే చేయి బాగుపడిందో, నడుము అలవాటు పడిందో రేపు ఎవరికీ తెలియదు.

కుడిచేయి: మా నాన్నగారి చార్టులో ఆ రెండో గడి లేదండీ. ఉన్నది 38 ఒక్కటే.