డిపార్ట్‌మెంట్ స్టోర్లు మూతపడటానికి ఆన్‌లైన్ ఒక్కటే కారణమా?

అందరికీ నమస్కారం. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఎందుకు దెబ్బతిన్నాయన్న దాని మీద కాలేజీ ప్రాజెక్ట్ రాస్తున్నాను. ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి.

"జనం ఆన్‌లైన్‌కి మళ్ళారు, స్టోర్లు మూతపడ్డాయి" అని మొదట రాసేశాను. చదివేకొద్దీ అది సగం నిజమే అనిపిస్తోంది. అమెరికాలో సియర్స్‌నే చూడండి. ఇళ్ళకు కేటలాగ్ పంపి, పోస్టులో ఆర్డర్లు తీసుకుని ఎదిగిన సంస్థ అది. ఇంటికి సరుకు చేర్చడం వాళ్ళకి కొత్తేమీ కాదు. అలాంటిది 1993లో ఆ పెద్ద కేటలాగ్‌ని ఆపేసింది. రెండేళ్ళకే, 1995లో, అమెజాన్ పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టింది. 2018 అక్టోబరులో సియర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఇది చదివినప్పుడు నిజంగా బాధేసింది.

బ్రిటన్‌లో డెబెన్‌హామ్స్ సంగతి వేరు. 2003లో ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు (మదుపరుల డబ్బుతో, అప్పులతో కంపెనీలను కొని, తర్వాత లాభానికి అమ్మే సంస్థలు) దాన్ని కొన్నాక అప్పులు పెరిగాయి. సొంత భవనాలు కొన్ని అమ్మేసి, వాటిలోనే అద్దెకు ఉండాల్సి వచ్చింది. 2021 మేలో చివరి స్టోర్లు కూడా మూసేశారు. అమ్మకాలు తగ్గాయని అద్దె, వడ్డీ తగ్గవు కదా!

ఆన్‌లైన్ పోటీ వల్ల వచ్చిన నష్టాన్నీ, అప్పులు, దీర్ఘకాల లీజుల వల్ల వచ్చిన నష్టాన్నీ విడదీయాలంటే వార్షిక నివేదికల్లో ఏ అంకెలు చూడాలి? రిటైల్‌లో గానీ అకౌంట్స్‌లో గానీ పనిచేసినవాళ్ళు చెప్పగలరా? ఇలాంటి స్టోర్లలో కౌంటర్ దగ్గర పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే మీ అనుభవం కూడా రాయండి. నేను చదివిన వాటిలో వాళ్ళ మాట ఎక్కడా కనపడలేదు.